పది కుండల్లో ఒకటి

అనగనగా ఒక చలికొండ మీది అడవిలో నేలలోంచి నల్లనూనె ఊరేది. దాన్ని బొర్రప్ప అనే అడవిపంది తవ్వి తీసేవాడు. ఆ నూనె మండితేనే తల్లిపక్షుల గుహలో గుడ్లు బతికేవి.

ఏటేటా ఊట అడుక్కి పోతోంది. పోలమ్మ అనే ఉడుము అది చూసి సభలో లేచింది.

"కొండపైన నల్లబండలు పగలంతా కాగి తెల్లారేదాకా వెచ్చగా ఉంటాయి. వాటి కింద కొత్త గుహ తవ్వుదాం. తవ్వేవాళ్ళకి తిండి కావాలి, నూనె లోయలో ఇచ్చి గింజలు తెద్దాం. బొర్రప్పా, పది కుండల్లో ఒకటి పన్నుగా ఇవ్వు."

"నా ముట్టెతో తవ్వాను. నూనె నాది!"

"తవ్వావు సరే, నేలలో పోసిందెవరు? మీ నాన్నా?"

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. సభకు వచ్చి తోక లేపినవాళ్ళదే మాట. గుడ్ల మీద కూర్చున్న తల్లులు రాలేరు. వచ్చిన తండ్రులేమో బొర్రప్ప పెట్టిన దుంపలు తింటున్నారు. పోలమ్మది తప్ప ఒక్క తోకా లేవలేదు.

రెండో ఏడూ అంతే. మంట సన్నబడింది. కౌజుపిట్ట గుడ్లు రెండు చల్లబడి చచ్చాయి.

మూడో ఏడు పోలమ్మ అంది: "సభ గుహలోనే పెడదాం. తల్లులు లేవలేరు గానీ, తోక లేపగలరు."

"ఆడవాళ్ళ మధ్య సభా?" అన్నాడు బొర్రప్ప.

"ఏం, నువ్వు పుట్టింది మగవాళ్ళ మధ్యనా?"

గుహనిండా తోకలు లేచాయి. బొర్రప్ప భార్య తోక కూడా లేచింది.

"నువ్వు కూడానా?"

"నా కడుపులో ఏడుగురున్నారు. వాళ్ళకి చలెయ్యదా?"

"అయితే నేను తవ్వను!"

"తప్పుకో. ముట్టె నాకూ ఉంది."

బొర్రప్ప గొణుక్కుంటూనే తవ్వాడు. పదో కుండ లోయకు వెళ్ళింది, తిండిగింజలై తిరిగొచ్చింది. రెండేళ్ళకు కొత్త గుహ తయారైంది. తల్లులు అక్కడే గుడ్లు పెట్టారు.

ఆ చలికాలమే బొర్రప్ప పిల్లల్ని వెంటేసుకుని, ఒగరుస్తూ కొండెక్కి వచ్చాడు. "ఊట ఎండిపోయింది. ఒక్క చుక్క లేదు!"

అందరూ బిక్కచచ్చిపోయి కౌజుపిట్ట వైపు చూశారు. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. చిటుక్కుమని పెంకు పగిలింది. తర్వాత ఇంకొకటి. తడిముక్కు ఒకటి బయటికొచ్చి కీచుమంది. కౌజుపిట్ట అప్పుడు ఊపిరి వదిలింది.

బొర్రప్ప బండకు ముట్టె ఆనించాడు. "వెచ్చగానే ఉందే!" అని అక్కడే కూలబడ్డాడు.

"జరిగి కూర్చో నాయనా," అంది పోలమ్మ. "నీ పిల్లలకే చోటు చాలడం లేదు."

నీతి: ఊట ఉండగానే రేపటి వాటా తీసిపెట్టాలి. ఎంత తియ్యాలో రేపటిని మోసే తల్లుల్ని కూడా అడగాలి.