తోసుకొచ్చిన బండి

ఏ ఊరని అడగకండి, కొండవాలు మీద ఊరనుకోండి. దిగువన మునసబు చెన్నప్పగారి లోగిలి, ఎగువన పోలమ్మ పాక. పోలమ్మకి ఉన్నదల్లా ఒక్క పాడిగేదె. దాని మీద మునసబు కన్ను పడింది.

"దేశాలు తిరిగొచ్చిన పెద్ద మోటారు సైకిలే నాది. నీ గేదెనిచ్చి అది తీసుకో. నీ కొడుకు దాని మీద పట్నంలో పాలమ్ముకుంటాడు," అన్నాడాయన.

గేదె పోయాక పాలెక్కడివని అడగాలనిపించింది గానీ, పొద్దంతా గడ్డి కోసిన పోలమ్మకి ఓపిక లేకపోయింది. కాదంటే ఊళ్ళో బతకనివ్వడు. ఔనంటే బతుకే లేదు.

"అలాగే బాబుగారూ. మారకం వేసిన సొత్తు తనంతట తానే పుచ్చుకునేవాళ్ళ గడపకి రావాలని మన కట్టుబాటుందిగా. రేపు మీ బండిని నడుపుకు రండి, ఆనక నా గేదెను తోలుకొస్తాను."

"ఓస్, అంతేనా," అన్నాడు మునసబు.

మర్నాడు ఊరంతా చూస్తుండగా బండి ఎగువకొచ్చింది. పైన మునసబు, వెనక తోస్తూ పాలేర్లు.

"చలికి పట్టేసిందే. ఎండెక్కితే అదే లేస్తుంది," అన్నాడు మునసబు.

పోలమ్మ గేదె పలుపు వదల్లేదు. "పోయినేడు మా మరిది తన ఎద్దుని మీ గడపకి ఎడ్లబండి మీద వేసి తెచ్చి ఇదే మాటన్నాడు బాబుగారూ. కట్టుబాటు తప్పిందని బేరం కొట్టేసింది మీరేగా. మీ మాట మీరే తీసేస్తే మాకు పెద్దదిక్కెవరు?"

జనం మూతులకి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. మునసబు బండిని వెనక్కి తిప్పాడు. దిగువకి మాత్రం అది ఎవరూ తోయకుండానే పోయింది.

పోలమ్మ నిట్టూర్చి, చెంబు తెచ్చుకుని పాలు పితకడానికి కూర్చుంది.