జోగమ్మ బావిలో మునిగిన కాలు

మృగశిర వాన పడీ పడగానే పుల్లెద్దుకు కాలునొప్పి వచ్చిపడింది. ఏం నొప్పండీ అది! నాగలి కనబడితే కుంటుతుంది, కుడితి తొట్టి కనబడితే పరిగెడుతుంది. పాపం, దాని జోడు కర్రెద్దు! రైతు వేరే దారిలేక గాడిదను తెచ్చి పక్కన కట్టాడు. అది ఓ అడుగు ముందుకేస్తే మూడడుగులు పక్కకి. బరువంతా కర్రెద్దు మీదే. మెడ ఒరిసి పచ్చిపుండైంది. రెండ్రోజుల్లో నేల పదును ఆరిపోతే ఈ ఏడు విత్తనమే లేదు, ఆపైన గడ్డీ లేదు.

"ఏ కాలురా నొప్పి?" అనడిగింది కర్రెద్దు.

"అదే, నీ పక్క కాలు" అంది పుల్లెద్దు, పడుకున్నచోటు నుంచి లేవకుండానే.

ఏడేళ్లుగా కాడి కింద కర్రెద్దు ఎడమ, పుల్లెద్దు కుడి. అసలు కుడి ఎడమలు పుల్లెద్దుకు ఏనాడూ వంటబట్టలేదు. దానికి తెలిసిందల్లా జోడు పక్క, బయటి పక్క. కర్రెద్దు గడ్డితో పాటు ఆ మాటనీ కాసేపు నెమరేసింది.

"జోగమ్మ బావికి తీసుకెళ్దాం బావా!" గాడిద ఎగిరింది. "మా తాతకి చెవుడు. ఆ నీళ్లు చెవిలో పోసుకున్నాడు. వినబడ్డమే కాదు, చెవులు ఇదిగో, ఇంతయ్యాయి! మా వంశమంతా ఆ మహిమే!"

"పదండి. అక్కడా తగ్గకపోతే మాత్రం ఈ పంటకాలమంతా నన్ను కదిలించకండి" అంది పుల్లెద్దు.

దారంతా ఎడమకాలు ఈడ్చింది. దిగుడుబావి మెట్లు దిగి, మూడు మునకలేసి, వణుకుతూ పైకొచ్చింది. ఈలోగా కర్రెద్దు నింపాదిగా నడిచి దాని కుడివైపున నిలబడింది.

"తగ్గిందా?"

పుల్లెద్దు జోడు ఎటుందో ఓసారి చూసుకుని, "అబ్బే, చస్తున్నా" అంటూ కుడికాలు ఈడ్చింది.

గాడిద కళ్లు చెవులంతయ్యాయి. "జోగమ్మ తల్లీ! నొప్పి ఈ కాల్లోంచి ఆ కాల్లోకి దూకింది!"

పుల్లెద్దు గతుక్కుమని ఎడమకాలు ఎత్తింది. అదీ అనుమానంగానే తోచి మళ్లీ కుడికాలు. చివరికి రెండూ ఒకేసారి ఎత్తబోయి ముక్కు నేలకి కొట్టుకుంది.

"పారిపోతోంది బావా, నొప్పి పారిపోతోంది! వదలకూడదు, నూటొక్క మునకలేయించాలి!" అని గాడిద వెనకనుంచి తలతో నెట్టింది.

ఏడో మునకకి పుల్లెద్దు పళ్లు టకటకలాడాయి. "తగ్గిందిరా నాయనా, రెండూ తగ్గాయి!"

"మరి రేపు కాడి కింద ఏ పక్క నిలబడతావు?" అంది కర్రెద్దు.

"నువ్వెటంటే అటే అన్నయ్యా!"

పదును ఆరకముందే విత్తనం పడింది. గాడిద మాత్రం ఒక్క పూటలో రెండు కాళ్లు బాగుచేసిన బావి అని ఇప్పటికీ ఊరూరా చెబుతూనే ఉంది.

లేని నొప్పి చెప్పుకునేవాడు, కనీసం అదెక్కడుందో గుర్తుపెట్టుకోవాలి.