ఎర్రగుట్ట ఇళ్లు

ఎర్రగుట్ట మెత్తని ఇసుకరాయి. దాన్ని తొలిచి చేసుకున్న ఇళ్లలో నలభై కుటుంబాలు మూడు తరాలుగా బతుకుతున్నాయి. ఆ సీమను ఏలే గండమనాయకుడికి గుట్ట మీద వేట విడిది కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. ఒకరోజు భటులతో వచ్చి, పది రోజుల్లో అందరినీ ఖాళీ చేయమన్నాడు.

"తాతలనాటి ఇళ్లు దొరా, ఎక్కడికి పోతాం?" అన్నారు జనం.

"గుట్ట మాది. అడగకుండా తొలిచి పాడుచేశారు. మీరు రాకముందు ఎలా ఉండేదో అలా చేసి మరీ పొండి" అని గద్దించాడు నాయకుడు.

తల్లులు పిల్లల్ని దగ్గరకు లాక్కున్నారు. రాళ్లు కొట్టి బతికే మాచక్క అనే ముసలమ్మ ముందుకొచ్చి దండం పెట్టింది.

"అలాగే చేస్తాం దొరా. ఈ గదుల్లోంచి తీసిన రాయి ఇప్పించండి. రేపే పూడ్చడం మొదలుపెడతాం."

"ఆ రాయి ఎక్కడుంది?"

"మీ కోటగోడలో ఉంది. కోట కట్టేటప్పుడు మీ తాతగారే ఈ రాయి కావాలన్నారు. మా మామా, ఆయన తోటివాళ్లూ కొట్టి పంపారు. అలా ఖాళీ అయిన చోట్లే మాకు ఇళ్లయ్యాయి. పునాది రాళ్ల మీద మా మామ ఉలిగుర్తు ఇప్పటికీ ఉంది, చూసుకోండి."

నాయకుడు దూరంగా కనిపిస్తున్న తన కోట వైపు చూశాడు.

"గుట్టను ఇలాగే ఉండనివ్వండి, ఎవరూ పోనక్కర్లేదు" అని గుర్రం తిప్పాడు.

గుర్రాల చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా మాచక్క నిలబడే ఉంది. తర్వాత గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.