గవ్వలరేవు ఓడదొంగ స్వామి

పూర్వం కళింగతీరాన గవ్వలరేవు అనే పట్టణాన్ని ఉద్దండమల్లుడనే మండలేశ్వరుడు ఏలుతూండేవాడు. తాను ధర్మప్రభువునని ఆయన శాసనాల్లో చెక్కించుకున్నాడు. చెక్కేవాడికి కూలి ఇచ్చేది తానే కనుక ఏమైనా చెక్కించుకోవచ్చు. ఆ మహానుభావుడు చేసిన కట్టడి ఒకటుంది. గాలివానకు ఓడ పగిలి ఆ తీరాన పడితే, అందులో వచ్చినవారిలో ఒక్కరు ప్రాణంతో ఒడ్డెక్కినా సరుకంతా ఆ ఒక్కరిదే. ఒక్కరూ మిగలకపోతే యావత్తూ రాజుది. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! అందుకే తుఫాను వచ్చినప్పుడల్లా రాజభటులు బల్లేలు పట్టుకొని ఒడ్డున బారులు తీరేవారు. మునిగేవారిని రక్షించడానికి కాదు, రక్షించడానికి ఎవ్వరూ తెప్ప దింపకుండా చూడడానికి.

ఆ రేవులో నూకయ్య అనే జాలరి ఉండేవాడు. నీటిలో మనిషి కేక వినిపిస్తే వల నిండా చేప ఉన్నా వదిలేసి వెళ్ళాలన్నది గంగపుత్రుల కట్టుబాటు. రాజు కట్టడి వచ్చాక తక్కినవారందరూ చెవులు మూసుకోవడం నేర్చుకున్నారు గాని, నూకయ్యకు ఆ విద్య అబ్బలేదు. ఒక కార్తికమాసంలో పట్టపగలే ఒక పెద్ద ఓడ ఇసుకతిన్నెకు తగిలి విరిగితే, అతడు భటుల కన్నుగప్పి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తెప్ప దింపి, మూడుసార్లు పోయివచ్చి, కొయ్యను కరచుకొని ఉన్న ఏడుగురిని ఒడ్డుకు చేర్చాడు.

ఉద్దండమల్లుడు మండిపడ్డాడు. తన నోటికాడి ఓడను సముద్రం మీదనే దోచుకుపోయిన ఓడదొంగ అని నూకయ్య మీద నేరం మోపి, ఆ ఏడుగురినీ దొంగసొత్తు కింద కోటలో పెట్టించాడు. ఆస్థానకవి వెంటనే పద్యాలు అల్లాడు. వాటిలో నూకయ్యకు చింతనిప్పుల్లాంటి కళ్ళు, కోరమీసాలు, నెత్తురోడే కత్తి. ఆ నిర్భాగ్యుడి చేతిలో ఉన్నది తెడ్డు! ఊళ్ళు కొల్లగొట్టినవాడు గజారూఢుడు, ప్రాణాలు కాచినవాడు గజదొంగ. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నూకయ్యను సముద్రపు అంచున గుంజకు కట్టి, పోటు వచ్చినప్పుడు ముంచి చంపాలని తీర్పు అయింది. చంపిన పాపం సముద్రానికి పోతుందని రాజుగారి లెక్క. "దొంగనని ఒప్పుకో, విడిచిపెడతాను" అని కబురు కూడా పంపాడు.

"నాను దొంగనని ఒప్పుకుంటే, ఆ ఏడుగురి పేనాలూ నీ సొత్తని ఒప్పుకున్నట్టే గదా బాబూ! నానొప్పుకోను" అన్నాడు నూకయ్య.

అప్పుడు జరిగింది మహాద్భుతం. పోటు వేళ అయినా సముద్రం రాలేదు. సరికదా, వెనక్కి జరిగింది. మరునాటికి ఇంకా జరిగింది. రేవులోని నావలు ఇసుకలో కూలబడ్డాయి. సముద్రుడు హత్యకు ఒప్పుకోలేదు.

అయితే ఎండ ఒప్పుకుంది. మూడు రోజులు నూకయ్య ఆ గుంజకే కట్టుబడి ఉన్నాడు. భార్య పైడమ్మ కడవతో నీళ్ళు తెస్తే భటులు బల్లేలు అడ్డం పెట్టారు. ఆమె వెనక్కి తిరిగి, చోద్యం చూస్తున్న జనంతో, "ఆళ్ళు పదుగురు, మనం మూడొందలమందిమి! ఒక్కడుగెయ్యండర్రా!" అని గుండెలు బాదుకుంది. ఎవ్వరూ వెయ్యలేదు. సముద్రం క్రోసెడు దూరం నడిచింది, మనుషులు అడుగైనా కదలలేదు. మూడోనాటి సాయంకాలం నూకయ్య దప్పికతో ప్రాణం విడిచాడు. కట్టిన గుంజ శిల అయింది. అది చూసి భటులు ఆయుధాలు పారేసి పారిపోయారు. కోట తలుపులు వేసేవారు లేక తెరిచి ఉండగా, ఆ ఏడుగురూ నడిచి బయటికి వచ్చారు. రేవు మేటవేసి ఉద్దండమల్లుడి సంపద అంతటితో సరి.

నేటికీ ఆ శిల సముద్రానికి క్రోసెడు దూరంలో ఇసుక మధ్యన ఉంది. చుట్టూ తవ్వితే ఓడమేకులు దొరుకుతాయి. స్వామికి మంచి పేరు పెడదామని పెద్దమనుషులు ఎందరో వచ్చారు గాని, జాలరులు ఒప్పుకోక ఓడదొంగ స్వామి అనే పిలుస్తున్నారు. కార్తికంలో మూడు రోజులు తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా శిల మీద మంచినీళ్ళ ధార తెగకూడదు. బతికుండగా చెంబెడు పొయ్యనివారి సంతతి ఇప్పుడు బిందెలు బిందెలు పోస్తోంది. ఆ మూడువందలమందిలో మా వంశకర్త కూడా ఉన్నాడు; అందుకే ఈ అర్చకత్వం మాది.

తీర్థం ఇచ్చేముందు ప్రతివారినీ మేము ఒక ప్రశ్న అడగాలి. "ఆనాడు నువ్వుంటే అడుగేసేవాడివా?" తల వంచి, బదులు చెప్పకుండా చెయ్యి చాపడం ఇక్కడి ఆచారం. నలభై ఏళ్ళుగా అడుగుతున్నాను. వేసేవాణ్ణని చెప్పినవారు ముగ్గురో నలుగురో ఉంటారు. వారికి నేను తీర్థం ఇవ్వలేదు.