యాక్సిలరేటర్ కింద సుద్దముక్క

ఆ సోమవారం పొద్దున్నుంచీ ఏసుబాబుకి ఒళ్ళు మండిపోతూనే ఉంది. మండదూ మరి! రింగురోడ్డు మీద కొత్తగా కార్లకి స్పీడు పెంచే అద్దాల గోడల షాపు తెరిచిన నిఖిలేష్ అనేవాడు ముందురోజే ఒక వీడియో పెట్టాడు. "ఆటోనగర్ వాళ్ళకి లారీ గేరుబాక్సులు విప్పడం వచ్చు. కార్లకి స్పీడు పెంచడం వాళ్ళకేం తెలుసు? జిలానీ ఉస్తాద్ పేరు పెద్దదే. కాదనను. కానీ ఆయన కాలం అయిపోయింది" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. దమ్ముంటే ఆయన శిష్యుణ్ణి ఆ ఎర్రకారేసుకుని నెల తిరిగేలోగా కొత్త బైపాస్ మీదకి రమ్మనండి, చూసుకుందాం అన్నాడు. తెల్లారేసరికి బెజవాడలో కారున్నవాడూ లేనివాడూ అందరూ ఆ వీడియో చూసేశారు.

తనని అంటే ఏసుబాబు నాలుగు తిట్లు తిట్టి మర్చిపోయేవాడు. ఉస్తాద్‌ని అన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగు పోయిందో విప్పకుండానే చెప్పే మనిషిని అన్నాడు. పదకొండేళ్ళ కిందట స్పానరు పట్టుకోవడం రాని ఏసుబాబుని షెడ్డులో చేర్చుకుని మెకానిక్కుని చేసిన మనిషిని, నిన్నగాక మొన్న షాపు పెట్టిన వెధవ, కాలం అయిపోయిందన్నాడు!

ఎర్రకారు ఏసుబాబు సొంతం. వరదలో మునిగి తుక్కు కింద వేలానికొచ్చిన రెండు తలుపుల బండిని కొని, నాలుగేళ్ళు ఆదివారాలన్నీ ధారపోసి బతికించుకున్నాడు. దానికి కంపెనీవాళ్ళు పెట్టిన చిన్న సూపర్‌చార్జర్ ఉంది. సూపర్‌చార్జరంటే ఇంజను తనంతట తాను పీల్చే గాలి చాలదని, ఇంకా గాలిని బలవంతంగా లోపలికి తోసే యంత్రం. గాలి పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే బలం పెరుగుతుంది. ఆ చిన్నదాన్ని పీకేసి పెద్దది పెడితే నిఖిలేష్ గాడి తెల్లకారు అద్దంలో చుక్కైపోతుందని ఏసుబాబు లెక్క.

క్యాటలాగులోంచి మూడు కాగితాలు తీయించుకుని షెడ్డుకొచ్చాడు. ఉస్తాద్ ఒక పాత వ్యాను ఇంజను హెడ్డు బిగిస్తున్నాడు. ఒక్కో బోల్టు బిగించడం, చెవి మీదున్న సుద్దముక్క తీసి దాని మీద గీత గీయడం. గీత లేని బోల్టు బిగించనట్టే లెక్క ఆయనకి.

"ఉస్తాద్, శనివారం సాయంత్రంలోగా ఆర్డరు పెడితేనే టైముకి వస్తది. మూడిట్లో ఏది పెడదాం?"

మొదటి రెండూ ఇంజను నెత్తిన కూర్చుని, కాలు ఆనించగానే తోయడం మొదలెట్టేవి. ఒకటి కాస్త చిన్నది, ఒకటి పెద్దది. మూడోది నత్తగుల్లలా ఉండి పక్కన బిగించేది. కింద పెద్దగా ఏమీ చేయదు గానీ ఇంజను నిమిషానికి ఏడువేల చుట్లకి చేరిందంటే తుఫానే. గుర్రాల లెక్కలో మిగతా రెండూ దాని దరిదాపులక్కూడా రావు. ఏసుబాబు మనసు దాని మీదే ఉంది. ఉస్తాద్ నోటితో కూడా అదే అనిపించుకుందామని వచ్చాడు.

ఉస్తాద్ వేస్టు కాటన్‌తో చేతులు తుడుచుకుని కాగితాలు చూశాడు. మూడూ చదివాడు. తిరిగి ఇచ్చేశాడు.

"ఉన్నది చాలట్లేదా?"

"ఏం చాలుద్ది ఉస్తాద్! పూర్తిగా తొక్కినా చాలట్లేదు."

"పూర్తిగా తొక్కావా?"

"తొక్కకుండా చెప్తానా!"

ఉస్తాద్ కారు దగ్గరికి నడిచాడు. చెవి మీది సుద్దముక్క తీసి సగానికి విరిచాడు. ఎర్రకారు తలుపు తెరిచి, అరవయ్యయిదేళ్ళ మోకాళ్ళు నేలకి ఆనించి, యాక్సిలరేటర్ పెడల్ కింద ఆ ముక్కని నల్లటేపుతో నేలకి అంటించాడు. పెడల్ అడుగుదాకా దిగితే తప్ప దానికి తగలదు.

"ఇది పిండైన రోజున రా. మూడిట్లో ఏది అడిగితే అది నా చేత్తో నేనే బిగిస్తా."

"అంతేనా?"

"రోడ్డు మీద పిండవ్వాలి. బండి నడుస్తా ఉండగా."

ఏసుబాబుకి నవ్వొచ్చింది. ఇదీ ఒక పరీక్షేనా! సాయంత్రానికల్లా పిండి చేసి తెస్తానని బయల్దేరాడు.

బందరు రోడ్డు మీద పావు పెడల్ దిగిందో లేదో ముందు ఆటో ఆగింది. బెంజిసర్కిల్ దగ్గర సిగ్నలు పడ్డాక కూడా ఎదురుగా నాలుగు బళ్ళు అడ్డంగా వచ్చాయి. మంగళవారం ఏలూరు రోడ్డు ఎక్కాడు. అక్కడ గేదెలు. బుధవారం గన్నవరం దాకా హైవే మీద పోయాడు. కుడిపక్క వేగంగా పోయేవాళ్ళ దారిలో లారీ నింపాదిగా ఊరేగుతోంది. దాన్ని తప్పించుకుని కాస్త తొక్కేసరికి గడ్డి ట్రాక్టరు రాంగురూట్లో ఎదురొచ్చింది. ట్రాక్టరువాడు సిగ్గు పడకపోగా ఏసుబాబునే గుడ్లురిమి చూశాడు!

రోజూ ఇంటికొచ్చి టార్చి వేసి చూడటం. సుద్దముక్క పెళ్ళికూతురిలా చెక్కుచెదరకుండా ఉండటం. దాన్ని చూస్తుంటేనే వాడికి అరికాలి మంట నెత్తికెక్కేది. క్యాటలాగులో కారు బొమ్మ వెనక పొడుగాటి రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద ఒక్క మనిషి లేడు, ఒక్క గొర్రె లేదు, ఒక్క స్పీడు బ్రేకరు లేదు. ఆరొందల గుర్రాలని అంకె వేశారు గానీ, ఆ గుర్రాల్ని విప్పే రోడ్డు ఏ ఊళ్ళో ఉందో ఆ పెద్దమనుషులు ఎక్కడా రాయలేదు. కారుతోపాటు రోడ్డు కూడా అమ్మితే సరిపోను!

గురువారం ఇద్దరు బళ్ళవాళ్ళు పని కాకముందే షెడ్డు నుంచి తమ కార్లు తీసుకుపోయారు. వీడియో చూశాకే తీసుకుపోయారని అందరికీ తెలుసు. ఉస్తాద్ తాళాలు వాళ్ళ చేతిలో పెట్టి, ఎడమ టైరులో గాలి తగ్గింది చూసుకోమని చెప్పి పంపించాడు. ఏసుబాబు ఇక ఆగలేకపోయాడు.

"మీ పేరు బజార్న పడేస్తుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదా ఉస్తాద్? నేనెవరి కోసం కొట్టుకుంటన్నా? మీ కోసం కాదా?"

"పొద్దున్న టిఫిను చేశావా?" అన్నాడు ఉస్తాద్.

ఏసుబాబు ఆ రోజు ఆయనతో టీ తాగలేదు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయినప్పుడు ఆగి ఉన్న కారులో కూర్చున్నాడు. ఇంజను ఆపేసి ఉంది. కాలు పెడల్ మీద పెట్టాడు. ఒక్క తోపు తోస్తే పిండైపోతుంది. ఎవడికి తెలుస్తుంది? కాలు సగం దిగింది కూడా. ఛీ, ఇంత బతుకూ బతికి సుద్దముక్క దగ్గర దొంగతనమా అనిపించి కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ కోపం కూడా మళ్ళీ ఉస్తాద్ మీదకే పోయింది.

శనివారం తెల్లవారుతూనే కొత్త బైపాస్ మీదకి వెళ్ళాడు. ఇంకా ఎండ రాలేదు. నాలుగు వరుసల రోడ్డు, కనుచూపు మేర నరమానవుడు లేడు. ఇదే క్యాటలాగులో రోడ్డు! కాలు దించాడు. సూపర్‌చార్జర్ కూత సన్నగా మొదలై పైకి లేచింది.

ఎవరో వెనకనుంచి వచ్చి పక్కన హారన్ కొట్టారు. తెల్లకారు. నిఖిలేష్ అద్దం దించి నవ్వుతూ చెయ్యి ఊపాడు. అతని ఫోను ముందు అద్దానికి తగిలించి ఉంది. తీస్తున్నాడు. తీసుకో, ఇవాళ నీ ముచ్చట కూడా తీరుస్తా అనుకుని ఏసుబాబు తొక్కాడు. రెండు కార్లూ పక్కపక్కన దూసుకుపోయాయి. పెడల్‌కీ సుద్దముక్కకీ మధ్య రెండు వేళ్ళ సందుంది. ఒక వేలి సందుంది.

దూరంగా రోడ్డు పక్కన ఆటో ఆగి ఉంది. అందులోంచి దిగిన ఆడకూలీలు మిరప చేలోకి పోతూ, అన్నం క్యారేజీలతో, డివైడరు సందులోంచి వరుసగా రోడ్డు దాటుతున్నారు.

ఎర్రకారు ముక్కు నేలకి వంగింది. టైర్లు కీచుమన్నాయి. తెల్లకారు ఆగలేదు. హారన్ మీద చెయ్యి తీయకుండా వాళ్ళ మధ్యలోంచి కోసుకుపోయింది. ఆడవాళ్ళు చెల్లాచెదురుగా పరిగెత్తారు. ఒక ముసలామె పడిపోయింది. క్యారేజీ దొర్లి అన్నం రోడ్డు మీద పరుచుకుంది.

ఏసుబాబు కారు ఆపి పరిగెత్తాడు. మోకాలు చీరుకుపోయిన ఆ ముసలామె వాడి చెయ్యి విదిలించుకుని తనే లేచింది.

"మీ కార్లు కాలిపోను! మీ అమ్మలు మిమ్మల్ని మనుషుల్ని చంపమని కన్నారంట్రా?"

"నేను కాదు మామ్మా, ఆపాను గదా. ఆ తెల్లకారోడు..."

"నువ్వయితే ఏంటి, ఆడయితే ఏంటి? ఇద్దరూ కలిసే గదా వచ్చారు!"

ఏసుబాబు కారు దగ్గరికి పరిగెత్తాడు. తన టిఫిను బాక్సు తెచ్చి ఇవ్వబోయాడు. "నీ తిండి నాకొద్దు" అని ఖాళీ క్యారేజీ పట్టుకుని, కుంటుకుంటూ, తిడుతూనే చేలోకి దిగిపోయింది ఆమె.

షెడ్డుకి చేరేసరికి కొత్త వీడియో వచ్చేసింది. తెల్లకారు ముందుకి పోవడం ఉంది. ఎర్రకారు వెనకబడటం ఉంది. ఆడవాళ్ళు ఉన్న ముక్క మాత్రం కోసేశాడు. 'ఉస్తాద్ శిష్యుడి బ్రేకులు బాగున్నాయి' అని కింద రాశాడు, సిగ్గులేని వెధవ. జనం పడీపడీ నవ్వుతున్నారు.

ఏసుబాబు టేపు పీకి, సుద్దముక్క తెచ్చి ఉస్తాద్ ముందు బల్ల మీద విసిరాడు. మూడు కాగితాలూ పక్కన పడేశాడు.

"ఇది పరీక్షే కాదు ఉస్తాద్! ఇవేం రోడ్లు? వారం రోజులు తిరిగా. ఆటోలు, గేదెలు, రాంగురూట్లో ట్రాక్టర్లు! ఇవాళ వేలు సందు మిగిలింది. వేలు సందు! ఆ ఆడాళ్ళు అడ్డం రాకపోతే ఇది పిండయ్యేది. ఆడు అన్నం నేలపాలు చేసి మగాడనిపించుకున్నాడు, నేను ఆపి తిట్లు తిన్నా. ఇదేం న్యాయం? ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వుతంది!"

ఉస్తాద్ స్టూలు ముందుకి జరిపాడు. ఏసుబాబు కూర్చోలేదు.

"ముసలమ్మకి దెబ్బ తగిలిందా?"

"మోకాలు చీరుకుపోయింది."

"ఆళ్ళు కనపడగానే కాలు తీద్దామనుకున్నావా?"

"అనుకోడానికి టైమెక్కడిది ఉస్తాద్! ఆ స్పీడులో! అదే లేచింది."

"ఆ తెల్లకారు కుర్రాడికి కాలు లేవలేదా?"

"లేవలేదు."

ఉస్తాద్ బల్ల మీది మూడు కాగితాలూ తీసుకున్నాడు. మోకాళ్ళ మీద వంగి, వాటిని ఒకదాని పక్కన ఒకటి, ఏసుబాబు కుడికాలి ముందు నేల మీద పరిచాడు. గ్రీజు మరకల నేల మీద కాగితాలు ఎగిరిపోకుండా అంచున ఒక స్పానరు పెట్టాడు.

"మూడిట్లో ఏది కావాలో ఆ కాలినే అడుగు" అన్నాడు దానికేసి చూస్తూ. "పదకొండేళ్ళూ నా దగ్గర పని నేర్చుకుంది అదే."