టార్పాలిన్ అవతల చప్పుడు

"ఉస్తాద్, నేను మానుకుంటా. రేపటి నుంచి షెడ్డుకు రాను."

ఓబులేసు ఈ మాట అన్నప్పుడు ఉస్తాద్ కాశింపీరా టీలో బన్ను ముంచుకుంటున్నాడు. ప్రొద్దుటూరులో పాత కార్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ఆయన తినడం ఆపలేదు.

"ఎందుకు నాయనా?"

"మీకు కేశవులుగాడు ఉండాడు కదా. ఇంక నేనెందుకు?"

అదీ అసలు సంగతి. ఓబులేసు పెద్ద శిష్యుడు, మీసం రాకముందు వచ్చి చేరినవాడు. కేశవులు నిన్నగాక మొన్న వచ్చాడు. వచ్చీ రాగానే వాడి పనితనం అందరి నోళ్లలో పడింది. ఒకరోజు ఉస్తాద్ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని తన క్యారేజీలోని కూర వడ్డిస్తే, ఓబులేసు సగం అన్నం వదిలేసి లేచిపోయాడు. కడుపుమంట అంటే అదే మరి, ఇంకో పేరెందుకు? ఉస్తాద్‌కు చూపు తగ్గుతోంది. రేపో మాపో ఇంటిపట్టున కూర్చుంటాడు. షెడ్డు కాస్తా కేశవులు చేతికి పోతుందని ఓబులేసు భయం.

అప్పుడే ఒక డాక్టరుగారి పాత అంబాసిడర్ వచ్చింది. ముందు చక్రాల దగ్గర సస్పెన్షన్ మొత్తం విప్పి, అరిగిన రబ్బరు బుష్‌లు తీసి కొత్తవి వెయ్యాలి. నట్లూ బోల్టులూ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. అలాంటివాటికి ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి వదిలెయ్యాలి. బాగా నానాక, విప్పే ముందు ఒక్క పిసరు బిగించాలి. అవునండీ, బిగించాలి! అప్పుడే తుప్పు పట్టు వదులుతుంది. ఆ తర్వాత మెల్లగా వెనక్కి తిప్పి, మళ్లీ నూనె పోసి, మళ్లీ ఆగాలి. ఆగలేనివాడు పానాకు ఇనపగొట్టం తొడిగి దాని మీద వేలాడతాడు. గొట్టం కనబడితే ఉస్తాద్ మండిపడతాడు.

ఎడమ చక్రం ఓబులేసుకు, కుడి చక్రం కేశవులుకు ఇచ్చాడు ఉస్తాద్. మొదటిరోజు సాయంత్రానికే కేశవులు వైపు ఒక బోల్టు కీచుమని వదిలింది. ఓబులేసు వైపు ఒక్కటీ కదల్లేదు. ఎట్లా కదులుతుంది? చెయ్యేమో ఈ చక్రం మీద, కళ్లేమో బండి కిందుగా ఆ చక్రం మీద. తెల్లారి వచ్చీరాగానే ఉస్తాద్ ముందు నిలబడి ఆ మాట అనేశాడు.

"సరే, పోదువులే" అన్నాడు ఉస్తాద్, మూతి తుడుచుకుంటూ. "మొదలుపెట్టిన చక్రం విప్పేసి పో."

లేచి వెళ్లి ఒక లారీ టార్పాలిన్ తెచ్చి, బండికి పైనా కిందా అడ్డంగా కట్టాడు. అవతలి చక్రం ఇప్పుడు కనబడదు.

"నీ పని నువ్వు చూసుకో ఇంక" అని ఎటో వెళ్లిపోయాడు.

ఓబులేసు చక్రం ముందు కూర్చున్నాడు. కాసేపటికి టార్పాలిన్ అవతల టంగ్, టంగ్ అని మొదలైంది.

'మొదలుపెట్టినాడురా దొంగనాయాలు' అనుకున్నాడు. గబగబా నట్టు మీద నూనె పోశాడు. అంతలో అవతల చప్పుడు ఆగింది. అదింకా ఘోరం. ఇంకో బోల్టు ఊడొచ్చిందో ఏమో! పోసిన నూనె ఇంకా కారుతుండగానే పానా తగిలించాడు. బిగించడమూ లేదు, గిగించడమూ లేదు. అవతల మళ్లీ టంగ్ టంగ్, ఈసారి ఇంకా జోరుగా. ఓబులేసుకు ఒళ్లు మండిపోయింది. చుట్టూ చూశాడు. ఉస్తాద్ జాడ లేదు. డ్రమ్ము వెనక దాచుకున్న గొట్టం తెచ్చి పానాకు తొడిగి, ఒంట్లో బలమంతా పెట్టి వేలాడాడు.

పానా జారింది. నట్టు మూలలు చెక్కుకుపోయాయి. వేళ్ల కణుపులు ఇనుముకు కొట్టుకుని నెత్తురొచ్చింది.

"నీ యబ్బా, కేశవులూ! ఊపిరన్నా తీసుకోనియ్యవారా!"

అరుస్తూ లేచి టార్పాలిన్ పీకి అవతల పారేశాడు.

కేశవులు లేడు. బోర్లించిన డబ్బా మీద ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు. చేతిలో చిన్న సుత్తి. ముందు ఒక అరిగిపోయిన బ్రేకు డ్రమ్ము. కుడి చక్రం నట్లు నిన్న ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

"వాడేడీ?"

"బుష్‌లు తెచ్చేదానికి కడపకు పంపించినా. నువ్వు రాకముందే పోయినాడు."

ఓబులేసు నెత్తురు కారే చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

ఉస్తాద్ సుత్తి పిడి అతని వైపు తిప్పి చాపాడు.

"పొద్దున్నించీ కొడతానే ఉండా. నాకు చెయ్యి నొస్తాంది నాయనా. ఇంక నువ్వే కొట్టుకో."

ఓబులేసు సుత్తి అందుకోలేదు. వెళ్లి నూనె సీసా తెచ్చి, కుడి చక్రం ముందు గొంతుక్కూర్చుని, కేశవులు నట్ల మీద ఒక్కొక్క చుక్కే వెయ్యడం మొదలుపెట్టాడు.