వసుంధర కోసం వెనక్కెళ్ళిన ఇల్లు

కొండాయిపేటలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని పాపాయమ్మ నమ్మకం. మొగుడు కోటప్ప, కొడుకు భీమేశు, కోడలు చిట్టెమ్మ, ఆ ఇంట్లో అందరూ అందరే. "ఊళ్ళోవాళ్ళు మాట వింటారు గానీ విన్నది విన్నట్టు చెయ్యరు, అందుకే అలా తగలడ్డారు" అనేది పాపాయమ్మ. తను మాత్రం అక్షరం తప్పదు. ఒకసారి బస్సులో "తల బయట పెట్టరాదు" అని రాసి ఉంటే, దిగాల్సిన ఊరొచ్చినా తల బయట పెట్టలేదు మహాతల్లి. ఆఖరి స్టాపు దాటి డిపోలోకి కూడా వెళ్ళొచ్చింది.

ఆ ఇంటి ప్రాణమంతా "వసుంధర వాకిలి" అనే సీరియల్ మీద ఉండేది. తొమ్మిదేళ్ళు నడిచింది. వసుంధరంటే పాపాయమ్మకి తోడబుట్టినదాని కంటే ఎక్కువ. చివరి రోజున ఆ వసుంధర మరిది భుజంగం ఇచ్చిన పాలు తాగి చచ్చిపోయింది. ఇంకేముంది, కోటప్ప ఇంట్లో పదకొండు రోజులు మైల పట్టారు. అప్పట్నుంచీ మరుదులున్న ఇళ్ళలో పాపాయమ్మ కాఫీ కూడా ముట్టదు.

ఏడాది తిరక్కుండానే టీవీలో కొత్త కబురొచ్చింది. "వసుంధర పుట్టిల్లు" వస్తుందట. వసుంధర పెళ్ళికి ముందు కథ. కన్నెపిల్ల వసుంధరగా ఎవరో కొత్తమ్మాయి వేస్తుందట.

"చక్కగా అయిపోయిన కథకి మళ్ళీ తోకెందుకే?" అన్నాడు కోటప్ప.

"తోకైతే వెనక పెడతారు నాన్నా. ఇది ముందు పెడుతున్నారు" అన్నాడు భీమేశు.

"చచ్చిపోతుందని తెలిసి ఆవిడ నవ్వుతుంటే ఎలా చూడనండీ అత్తయ్యగారూ?" అని చిట్టెమ్మ అప్పుడే కళ్ళు ఒత్తుకుంది.

పాపాయమ్మకి మాత్రం ఒక పక్క ఆనందం, ఒక పక్క కడుపుమంట. పోయిన మనిషి మళ్ళీ కళ్ళబడుతుందన్న ఆనందం. ఆ మొహం ఇంకెవరిదో అన్న మంట. ఎటూ తేలక రెండ్రోజులు అన్నం సహించలేదు.

ఆ తేలనిదాన్ని టీవీలో ఒకాయన తేల్చేశాడు. తియ్యటి గొంతుతో, "రండి, వసుంధర వాకిలి మొదలవకముందు రోజులకి ఇంటిల్లిపాదీ వెళ్దాం. వచ్చే సోమవారం సాయంత్రం ఏడు గంటలకి" అన్నాడు.

"విన్నారా? పెద్దమనిషి ఇంటిల్లిపాదినీ పిలిచాడు. పిలిచాక వెళ్ళకపోతే ఏం మర్యాద?" అంది పాపాయమ్మ. "పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. సర్దండి."

అంతే. అప్పుడు లేనివన్నీ ఇంట్లోంచి కదిలాయి. ఫ్రిజ్ అప్పుడు లేదు, పశువుల పాకలోకి వెళ్ళింది. పాకలో ఉన్న గేదె కూడా అప్పటికి పుట్టలేదని దాన్ని పక్కింటి పైడితల్లి దొడ్లో కట్టేశారు. భీమేశుకి అప్పటికి మీసం రాలేదు, గీకేశారు. పాపాయమ్మ తలకి రంగేసుకుంది. కోటప్పకి ఈ పదేళ్ళలో ఊడిన పళ్ళు నాలుగు. వాటిని ఎక్కణ్ణుంచి తెస్తాడు పాపం? అన్నం తినేటప్పుడు తప్ప నోరు తెరవకూడదని తీర్మానించారు.

అన్నీ సర్దాక పాపాయమ్మ చూపు చిట్టెమ్మ మీద పడింది. చిట్టెమ్మ కాపురానికొచ్చి మూడేళ్ళే.

"అమ్మా చిట్టెమ్మా, నువ్వింకా ఈ ఇంటికి రాలేదు కదమ్మా" అంది. ఆ పిల్ల తలదువ్వితే తప్ప ఆవిడకి తెల్లారదు.

"అవునండీ అత్తయ్యగారూ. నేనే తొందరపడి వచ్చేశాను" అని చిట్టెమ్మ బట్టలు మూట కట్టుకుంది.

భీమేశు బండి తీయబోతే కోటప్ప రూలు కూడా మర్చిపోయి నోరు తెరిచాడు. "ముక్కూమొహం తెలీని పిల్లని బండెక్కించుకుంటావా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" దాంతో చిట్టెమ్మ ఆటోలో వెళ్ళింది. భీమేశు వీధి చివరిదాకా చూసి, ఎవరో బాగుందనుకుని, సిగ్గుపడి లోపలికొచ్చాడు.

సోమవారం సాయంత్రం ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. ఏడింటికి ఇంకా పది నిమిషాలుంది. అప్పుడు గుర్తొచ్చింది కోటప్పకి, ఆ టీవీ కొన్నది వసుంధర వాకిలి మొదలైన రోజునే. చేత్తో సైగ చేశాడు. ఇంకేముంది, టీవీ కూడా పైడితల్లి ఇంటికి పోయింది.

ఏడయింది. ముగ్గురూ గోడకేసి చూస్తూ కూర్చున్నారు. మంచి గోడ. ఒక మేకు ఉంది.

పైడితల్లి గుమ్మంలోంచి, "అక్కా, మొదలైపోయింది, మా ఇంటికొచ్చి చూడరాదూ" అని పిలిచింది.

"మీరు చూసుకోండమ్మా. మీకైతే అది టీవీలో ఉంది. మేం ఆ రోజుల్లోకే వచ్చేశాం" అంది పాపాయమ్మ జాలిగా.

అరగంటయ్యాక ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పుకున్నారు. కథ కాస్త నెమ్మదిగా ఉంది గానీ పాతదానిలా ఏడుపులు లేవన్నాడు కోటప్ప, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. కొత్తమ్మాయి అసలు నటిస్తున్నట్టే లేదన్నాడు భీమేశు. భుజంగం ఇంకా రాలేదు కాబట్టి ప్రాణం హాయిగా ఉందంది పాపాయమ్మ. మర్నాడూ చూశారు. ఆ మర్నాడూ చూశారు.

గురువారానికి పాపాయమ్మకి విసుగు పుట్టింది. "ఎంత చెప్పండి, మన వసుంధర కాదు" అంది. అని, అలవాటుకొద్దీ కళ్ళు తుడుచుకుందామని పక్కకి చెయ్యి చాపింది. ఇన్నాళ్ళూ అక్కడ చిట్టెమ్మ కొంగుండేది. చేతికి చాప తగిలింది. "ఏవండీ, వసుంధర లేకపోయినా ఏదోలా బతుకుతాను. చిట్టెమ్మ లేకుండా నా వల్ల కాదు. రేపే తెచ్చేసుకుందాం."

కోటప్ప మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. "పెళ్ళికాని పిల్లని, పెళ్ళికాని కుర్రాడున్న ఇంటికి ఎలా తెచ్చుకుంటామే? పద్ధతిగా పెళ్ళిచూపులకి వెళ్ళాలి."

సరేనని పద్ధతిగానే కబురు పంపి ఆదివారం వెళ్ళారు. చిట్టెమ్మ తండ్రి సన్యాసిరావు కూడా తక్కువవాడు కాదు, లేకపోతే వీళ్ళతో ఆ సంబంధం ఎలా కుదురుతుంది? ఎదురొచ్చి, కాళ్ళకి నీళ్ళిచ్చి, "తమరిది ఏ ఊరండీ?" అని అడిగాడు. చిట్టెమ్మ తలొంచుకుని కాఫీలు తెచ్చింది. పాపాయమ్మ ఆ పిల్లకి మరుదులెవరూ లేరని కనుక్కుని మరీ తాగింది. భీమేశు పిల్ల నచ్చిందన్నాడు, వీధిలో ఒకసారి చూశానన్నాడు. చిట్టెమ్మ కూడా అబ్బాయి నచ్చాడంది, మీసం ఒక్కటి ఉంటే బాగుండునంది. అంతా కుదిరినట్టే ఉంది.

అప్పుడు సన్యాసిరావు గొంతు సవరించుకున్నాడు.

"చెల్లెమ్మా, ఆడపిల్లని ఇచ్చేవాణ్ణి, మీ ఊళ్ళో వాకబు చేయించాను. మీ పక్కింటి పైడితల్లిగారు చెప్పారు. మీ అబ్బాయికి ఇదివరకే పెళ్ళయిందట. మూడేళ్ళయిందట. బంగారంలాంటి పెళ్ళామట."

పాపాయమ్మ కొడుకుకేసి తిరిగింది. "ఒరే, కన్నతల్లికి చెప్పకుండా ఎవర్ని చేసుకున్నావురా?"

"నాతో కూడా ఎవరూ అనలేదమ్మా" అన్నాడు భీమేశు బిక్కమొహమేసుకుని.

చిట్టెమ్మ కాఫీ పళ్ళెం కింద పెట్టేసింది. కళ్ళనిండా నీళ్ళు. "అంత మంచి మనిషి ఉండగా నేను సవతినై ఎలా వస్తానండీ? ఆవిడ ఉసురు పోసుకోలేను. ఆవిణ్ణి ఒప్పించి, సారె పెట్టి పుట్టింటికి పంపించండి. అప్పుడు వస్తాను" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

న్యాయమైన మాట. పాపాయమ్మ దారిపొడుగునా ఏడుస్తూనే వచ్చింది. వస్తూనే ముగ్గురూ ఆ మొదటి పెళ్ళాం కోసం ఇల్లంతా వెతికారు. వంటింట్లో లేదు, పెరట్లో లేదు. పాకలో ఫ్రిజ్ తలుపు తీసి చూశారు, అందులోనూ లేదు.

"ఎక్కడికెళ్ళిందో పాపం" అంది పాపాయమ్మ. దీపం పెట్టాక ఒక చీర, రవికెల గుడ్డ, పసుపు కుంకుమా పళ్ళెంలో సర్దింది. ఆకలితో వస్తుందేమోనని అన్నం వేరే గిన్నెలో తీసి మూత పెట్టింది. వచ్చాక నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో మనసులో అనుకుంటూ వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. చిట్టెమ్మ ఇంటికి రావాలంటే ముందు ఆ పిల్ల రావాలి మరి.